చాప మీది నుండి వ్రాతబల్ల మీదికి

చైనా పండితుని వ్రాతబల్లపై కుంచె, సిరా, కాగితము, సిరా నూరు రాయి ప్రధానములు. వానికి తోడుగా నీటిచుక్కల గిన్నె, కుంచెలను ఆనించు దిమ్మ, కాగితపు బరువు వంటి కంచు వస్తువులు చేరినవి.

వీనిలో కాగితపు బరువు పుట్టుక విచిత్రమైనది. హాన్ యుగమున (క్రీ.పూ. 206 – క్రీ.శ. 220) చైనీయులు మనవలెనే నేలపై చాపలు పరచుకొని కూర్చుండెడివారు. చాప మూలలు లేవకుండ నాలుగు కంచు బరువులు నుంచెడివారు. అవి ఒదిగి పడుకొనిన పులులు, ఎలుగుబంట్లు. కొన్నింటి కడుపున సీసము నింపెడివారు. సోంగ్ యుగము (960–1279) నాటికి కుర్చీలు వ్యాపించినవి. పనిలేని ఆ బరువులు కాలక్రమమున వ్రాతబల్ల నెక్కినవి.

మింగ్, చింగ్ కాలపు పోతపనివారు ప్రాచీన రూపములనే మరల పోసిరి. పచ్చని చిలుమునైనను కృత్రిమముగా కల్పింపవచ్చును. కావున రూపమును, రంగును చూచి వస్తువు వయస్సు నిర్ణయింపరాదు. 1968లో మాంచెంగ్ వద్ద త్రవ్విన దౌవాన్ రాణి సమాధిలో బంగారు, వెండి పొదిగిన చిఱుతపులి బరువులు నాలుగు లభించినవి. దొరకిన చోటు తెలిసినది కనుక వాని కాలమున సందేహము లేదు. దొంగచాటుగా త్రవ్వి అమ్మిన వస్తువు ఎంత అందమైనదైనను ఆ సాక్ష్యమును శాశ్వతముగా కోల్పోవును. చరిత్రకు కలుగు నష్టము అదియే.