పెరటి మొక్కల జబ్బులు: పురుగుమందు లేని వైద్యము

బిడ్డకు ఒడలు వెచ్చబడినప్పుడు తల్లి వెంటనే మందుసీసా మూత తీయదు. నొసట చేయి వేసి చూచును, నాలుక చూపుమనును, నిన్న ఏమి తిన్నదో, ఎక్కడ ఆడినదో జ్ఞాపకము చేసికొనును. ఇంత వివేకము గల గృహిణులే పెరటిలో మిరపమొక్క ఆకు ముడిచినంతనే అంగడికి మనిషిని పంపి పురుగుమందు తెప్పించుచున్నారు. ఆ మందు అమ్మువాడు మొక్కను చూడలేదు. దాని నేల యెట్టిదో, నీరెంత పోయుచున్నారో, ఎండ యెన్ని గంటలు తగులునో అతడెఱుగడు. రోగము తెలియక యిచ్చు మందు మనుష్యులకు వలెనే మొక్కలకును హాని చేయును. అంతకంటె ముఖ్యమైన సంగతి మఱియొకటి కలదు. పెరటి కూరను నాడే కోసి నాడే వండుకొందుము. చల్లిన మందు విషము తగ్గుటకు కావలసిన దినములు గడువకముందే అది మన పిల్లల కంచములలోనికి వచ్చును.

ఈ భయము కల్పితము కాదు. మోనోక్రోటోఫాస్ అను మందును కూరగాయలపై వాడరాదని భారత ప్రభుత్వము 2005లో నిషేధించినది. ఎండోసల్ఫాన్‌ను 2011లో సుప్రీముకోర్టు దేశమంతటను నిలిపివేసినది. ఈ రెండును అంతకు ముందు అనేక సంవత్సరములు అంగళ్లలో అమ్ముడుపోయినవే.

ఖమ్మము నగరములో కలిసిపోయిన ఖానాపురం హవేలి వంటి చోట్ల ఇండ్లు దగ్గఱయై పెరడులు చిన్నవైనవి. అయినను గోడవార బీరపాదో, కాకరపాదో, డాబామీద కుండీలలో వంగ, టమాట, కరివేప, మందారయో లేని యిల్లు అరుదు. అట్టి చిన్న తోటలకు పురుగుమందు అక్కఱయే లేదని మా యభిప్రాయము. దానికి కారణములను, చేయవలసిన పనులను ఇందు వివరించెదము.

మొదట పరీక్ష

వాడిన మొక్కను చూచినప్పుడు పురుగుకొఱకు వెదకుటకంటె ముందు నీటిని గూర్చి విచారింపవలెను. మట్టిలోనికి రెండంగుళముల లోతున వ్రేలు గ్రుచ్చి చూడుడు. లోపల పొడిగా నున్నచో మొక్కకు దప్పిక. లోపల తడిగా నుండియు ఆకులు వ్రేలాడుచున్నచో వేళ్లు కుళ్లుచున్నవని యర్థము. అట్టి మొక్కకు మఱల నీరు పోయుట మునుగువానిపై కుండెడు నీళ్లు క్రుమ్మరించుటయే. కుండీ అడుగు రంధ్రము మూసికొనిపోయినదేమో చూచి, తెఱచి, మట్టి ఆఱనీయవలెను. 2024 సెప్టెంబరు మొదట మున్నేరు పొంగి ఖమ్మములోని పల్లపు పేటలు మునిగినవి. అట్లు నీరు నిలిచినప్పుడు వేళ్లకు గాలి యందక చెట్లు ఎండును. ఆ యెండుటకు ఏ పురుగును కారణము కాదు.

వేసవిలో మధ్యాహ్నము వాడి, సాయంకాలమునకు తేఱుకొను మొక్కకు రోగము లేదు. ఈ సీమలో గ్రీష్మపు టెండ మిక్కిలి తీవ్రము. డాబామీది కుండీ ప్రక్కలు కాలి వేళ్లు ఉడుకును. కుండీలను దగ్గఱగా చేర్చి, పైన పాతచీర నీడగా కట్టి, మట్టిపై ఎండుటాకులు పఱచినచో సగము బాధ తీఱును.

తరువాత ఆకు రంగు చూడవలెను. ఏ యాకు ముందు పసుపైనది అను ప్రశ్నకు జవాబు తెలిసినచో రోగము సగము తెలిసినట్లే. అడుగున నున్న ముదురాకులు అంతట సమముగా పసుపైనచో నత్రజని చాలలేదు. బాగుగా మాగిన పశువుల ఎరువుగాని, వానపాముల ఎరువుగాని గుప్పెడు వేసి నీరు పోసిన చాలును. ముదురాకులలో ఈనెలు పచ్చగానుండి నడుమ పసుపైనచో మెగ్నీషియము లోపము. లేతాకులు పసుపై ఈనెలు మాత్రము పచ్చగా నున్నచో ఇనుపధాతువు అందుటలేదు. సున్నము పాలు ఎక్కువైన నేలలో, ఉప్పుదనముగల బోరునీటివలన నిది తఱచు కలుగును. లీటరు నీటిలో 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు కరగించి సాయంకాలము ఆకులపై చల్లినచో, వచ్చు చిగురు పచ్చగా వచ్చును. వాననీరు పట్టి పోయుట ఇంకను మంచిది.

ఆకు వెనుక ప్రక్క

పై పరీక్షలలో దోషము కనబడనిచో అప్పుడు ఆకును తిప్పి చూడుడు. పురుగులలో పెక్కు ఆకు క్రిందనే కాపురముండును. మిరపాకులు అంచులు పైకి ముడిచి దొన్నెలవలె నైనచో తామరపురుగు. అంచులు క్రిందికి ముడిచి తొడిమలు సాగినచో తెల్లనల్లి. మన ఖమ్మము మిరపకు పేరుపొందిన విపణి. 2021-22లో క్రొత్తరకపు తామరపురుగు వచ్చి తెలంగాణ, ఆంధ్రప్రదేశములలో మిరపతోటలను నాశనము చేసినప్పుడు, రైతులు మందుమీద మందు చల్లినను అది లొంగలేదు. మందులు పెరిగినకొలది పురుగును తిను మేలిపురుగులు చచ్చుటయు, చావక మిగిలిన పురుగునకు తట్టుకొను శక్తి వచ్చుటయు లోకమంతటను చూచిన సంగతియే.

ఈ మేలిపురుగులను గృహిణులు గుర్తుపట్టవలెను. ఎఱ్ఱని వీపుపై నల్లచుక్కలుగల అక్షింతలపురుగును అందఱు నెఱుగుదురు. దాని పిల్ల మాత్రము తల్లిని పోలదు. నల్లగా, పొడవుగా, చిన్న మొసలివలె నుండును. దానిని చీడయని నలిపివేయువారే యెక్కువ. పేనుబంకను అదే తినునని తెలిసినవారు దానిని ముట్టరు.

చీమలు బారులు తీర్చి మొక్క యెక్కుచున్నచో పైన పేనుబంకగాని పిండినల్లిగాని యున్నదని గుర్తు. ఆ పురుగులు కార్చు తియ్యని జిగురుకొఱకు చీమలు వానిని గోపాలురవలె కాచును. ఆ జిగురుమీదనే నల్లని మసి పట్టును. గొట్టముతో నీటిధార గట్టిగా కొట్టినచో పేనుబంక రాలిపోవును. మందారపై పిండినల్లి పట్టినచో పట్టిన కొమ్మ కత్తిరించి, మిగిలినదానిని కుంకుడు రసములో ముంచిన గుడ్డతో తుడువవలెను. ఏ రసమునైనను ముందు ఒక యాకుపై పూసి, మఱునాడు మాడలేదని చూచిన పిదపనే మొక్కకంతకు వాడవలెను.

చేతితోడనే తీఱు జబ్బులు అనేకము. వంగలో కొమ్మచివర వాలినచో లోపల తొలుచుపురుగు దూఱినది. వాలినచోటికి క్రిందుగా త్రుంచి కాల్చివేసిన చాలును. కరివేప, నిమ్మ ఆకులపై పక్షిరెట్టవలె కనబడి పిదప పచ్చబడు గొంగళి యొక అందమైన సీతాకోకచిలుక బిడ్డ. చెట్టు చిన్నదైనచో ఏఱివేయుడు, పెద్దదైనచో నాలుగాకులు దానికి విడువుడు. కాకర, బీర పిందెలు వంకరపోయి కుళ్లినచో పండు ఈగ కుట్టినది. రాలినకాయ నొకటియు పెరటిలో నుంచరాదు. బెండాకుల ఈనెలు పసుపైనచో అది తెల్లదోమ తెచ్చు వైరసు; దానికి మందు లేదు. జాలిపడక మొక్కను పెఱికివేయవలెను. పసుపు రంగు రేకుకు ఆముదము పూసి వ్రేలాడగట్టినచో తెల్లదోమ దానికంటుకొనును.

గుమ్మడి, దోస ఆకులపై బూడిద చల్లినట్లుండు తెగులునకు మన పెద్దలు పుల్లమజ్జిగ వాడుదురు. పాలు కలిపిన నీరును ఈ తెగులును అణచునని 1999లో బ్రెజిల్ దేశపు శాస్త్రజ్ఞుడు వాగ్నర్ బెటియోల్ చూపెను. ఒక పాలు పాలకు తొమ్మిదిపాళ్లు నీరు కలిపి వారమునకొకమారు చల్లవలెను.

వేపగింజల కషాయము

ఇవన్నియు చాలనప్పుడు వేప యున్నది. వేసవి చివర, తొలకరినాళ్లలో రాలిన పండ్లనేఱి, గుజ్జు కడిగి, గింజలను నీడన ఆరబెట్టి దాచుకొనవలెను. 50 గ్రాముల పప్పును దంచి, గుడ్డలో మూటగట్టి, లీటరు నీటిలో రాత్రియంతయు నానవేసి, ఉదయము పిండి వడియగట్టి, కొంచెము కుంకుడు రసము చేర్చవలెను. ఎండకు దీని గుణము చెడును గనుక ఆ సాయంకాలమే ఆకుల క్రింద తడియునట్లు చల్లవలెను. పురుగు తక్షణము చావలేదని నిరాశ పడరాదు. వేప పురుగునకు ఆకలి చంపును, కుబుసము విడువనీయదు. ఫలము కొన్ని దినములకు కనబడును.

ఒక హెచ్చరిక. చెట్టునుండి వచ్చినదెల్ల నిరపాయము కాదు. కొందఱు చెప్పు పొగాకు కషాయములోని నికోటిను ఘోరవిషము. పైగా పొగాకునుండి టమాట, మిరపలకు వైరసు సోకవచ్చును. పిల్లలు తిరుగు ఇంటిలో దానిని కాచనే రాదు.

పునుకుల స్త్రీలు

ఇది కుండీలకు సరిపోవును గాని పొలములకు చెల్లునా యని యెవరైన నడుగవచ్చును. ఖమ్మమునుండి భద్రాచలమునకు పోవు మార్గపు సీమలో, పాల్వంచ మండలములో పునుకుల యను పల్లె కలదు. అది అప్పటి ఖమ్మము జిల్లాలోనిది. 2016 నుండి భద్రాద్రి కొత్తగూడెము జిల్లాలో చేరినది. అచ్చటి ప్రత్తిరైతులు పురుగుమందుల వర్తకులకు అప్పుపడి, ఆ మందుల విషముచేతనే జబ్బుపడుచుండిరి. 1999 ప్రాంతమున సెక్యూర్ అను సంస్థ అచ్చట వేపకషాయము, పచ్చిమిరప-వెల్లుల్లి కషాయము, దీపపు టెరలు, పక్షులు వాలుటకు కొయ్యలు మొదలగు పద్ధతులను నేర్పనారంభించెను. మొదట కొలదిమందియే నమ్మిరి. మహిళా సంఘములవారు ఈ పనిని తమదిగా తీసికొని ఇంటింట పట్టుబట్టిరి. వేపగింజలు దంచు యంత్రమును సంఘమే నడిపినది. 2004 నాటికి ఊరంతయు పురుగుమందు మానినది. ఆ పద్ధతియే పిదప గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ ద్వారా, మహిళా సంఘముల చేతులమీదుగా, రాష్ట్రములోని అనేక గ్రామములకు వ్యాపించినది.

ఎకరముల ప్రత్తిని కాచిన యా స్త్రీలకు సాధ్యమైనది పది కుండీలకు మనకు సాధ్యము కాకపోదు. సోదరీమణులారా! ప్రతి దినము ఉదయము కాఫీ త్రాగుటకు పట్టునంత సేపు మొక్కల నడుమ నడువుడు. నాలుగాకులు తిప్పి చూడుడు. చిన్న నోటుపుస్తకములో తేది వేసి చూచినది వ్రాసికొనుడు. ఆడపిల్లలను, మగపిల్లలను గూడ వెంటబెట్టుకొనుడు. పురుగును మొదటి దినమున చూచినవారికి చేతివ్రేళ్లే చాలును. పదునైదవ దినమున చూచినవారే సీసాకొఱకు పరుగెత్తవలసివచ్చును. రాబోవు తొలకరికి మీ వీధిలోని వేపపండ్లను చీపురుపాలు కానీయక ఏఱి దాచుకొనవలెనని కోరుచున్నాము.