వీపుమీది నీటి సంచి: కడుగుటకంటె ఆరబెట్టుట ముఖ్యము

కొండలెక్కువారికి, అడవిదారులలో దూరము నడచువారికి నీరు మోయుట పెద్ద సమస్య. పూర్వము తోలు తిత్తులు, ఎండిన సొరకాయ బుర్రలు ఈ పనికి వాడిరి. నేడు వాటి స్థానమున మెత్తని ప్లాస్టిక్ సంచి వచ్చినది. దీనిని హైడ్రేషన్ బ్లాడర్ అందురు. 2 లేక 3 లీటర్ల నీరు పట్టు ఈ సంచి వీపుమీది మూటలో నుండును. దాని అడుగునుండి సుమారు 1 మీటరు పొడవుగల సన్నని గొట్టము భుజముమీదుగా నోటివరకు వచ్చును. కొననున్న కవాటమును పంటితో నొక్కి నీరు పీల్చుకొనవచ్చును. అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రమున, మండుటెండలో జరుగు ఒక సైకిలు పందెములో మైకేల్ ఐడ్‌సన్ అనునతడు సెలైన్ సంచిని మేజోడులో పెట్టి వీపునకు తగిలించుకొనెను. ఆ ఆలోచననుండియే 1989లో కేమెల్‌బాక్ సంస్థ పుట్టినది.

సంచి సౌకర్యమైనదే. కాని నడక ముగిసిన తరువాత నీరు పారబోసి, అట్లే చుట్టి అటకమీద పెట్టినచో, నెల తరువాత లోపల జారుడు, ముక్కవాసన, గొట్టములో నల్లని చుక్కలు కానవచ్చును. మంచినీరు పోసిన సంచిలో ఈ మురికి ఎక్కడినుండి వచ్చినది?

పాచి పుట్టుక

త్రాగునీటిలోను కొద్దిపాటి సూక్ష్మజీవులుండును. మన చేతులనుండి, గాలినుండి మరికొన్ని చేరును. నీరు పీల్చి విడిచినపుడు నోటిలోని లాలాజలము కొంత గొట్టములోనికి వెనుకకు పోవును. అది వాటికి ఆహారము. సంచిలో పంచదార కలిపిన పానీయము పోసినచో ఇక చెప్పనక్కరలేదు. సూక్ష్మజీవులు తడిగోడకు అంటుకొని, జిగురువంటి పదార్థమును స్రవించి, దానిలోపల గుంపుగా పెరుగును. దీనినే మనము పాచి అందుము. ఉదయము పండ్లమీద నాలుకకు తగులునది కూడ ఇట్టిదే. అనుకూల పరిస్థితులలో కొన్ని జాతులు 20 నిమిషములకొకసారి రెండింతలగును. పదిసార్లు రెండింతలైన ఒకటి 1024 అగును! నీటిలో ఆహారము తక్కువగుటచే ఈ వేగము తగ్గును గాని, తడియున్నంతకాలము పెరుగుదల ఆగదు.

పాచి గూర్చి ఒక ముఖ్యవిషయమును హాలెండు దేశస్థుడైన లీవెన్‌హుక్ 1683 ప్రాంతముననే గ్రహించెను. తన పండ్లపాచిలో కదలాడు జీవులను సూక్ష్మదర్శినితో చూచి, వెనిగర్‌తో పండ్లు కడిగినను పాచి పైభాగమున నున్నవి మాత్రమే చచ్చుననియు, లోపలివానికి అది చేరదనియు అతడు తెలిపెను. కనుక నీటితో తొలుచుట చాలదు; మందుద్రావణము పోసి వదలుటయు చాలదు. పాచిని తోమి తీయవలెను.

గొట్టమే గడ్డుభాగము

ఒక చిన్న లెక్క చూడుడు. గొట్టము లోపలి వ్యాసము 6 మి.మీ., పొడవు 1 మీటరు అనుకొందము. దానిలో పట్టు నీరు 28 మి.లీ.; నీటికి తగులు గోడ వైశాల్యము 188 చదరపు సెం.మీ. అనగా ఒక్కొక్క మి.లీ. నీటికి దాదాపు 6.7 చ.సెం.మీ. గోడ. సంచిలో ఇది 1 చ.సెం.మీ. కంటె మించదు. పాచి గోడనంటి పెరుగును గనుక గొట్టములోని నీటికే దాని స్పర్శ ఎక్కువ.

కడుగు విధము

సంచిని, గొట్టమును, కవాటమును విడదీయవలెను. గోరువెచ్చని నీటిలో కొంచెము సబ్బుద్రావణము కలిపి సంచిని మెత్తని బ్రష్షుతోను, గొట్టమును పొడవైన సన్నని బ్రష్షుతోను తోమవలెను. సలసల కాగిన నీరు పోయరాదు. ప్లాస్టిక్ మెత్తబడి అతుకులు చెడును. వాసన పోవుటకు లీటరు నీటికి 2 పెద్దచెంచాల వంటసోడా కలిపి అరగంట ఉంచవచ్చును. సోడాను, వెనిగర్‌ను కలిపి పోయుట వ్యర్థము. బుసబుస పొంగునది కార్బన్ డయాక్సైడు మాత్రమే. క్షారము, ఆమ్లము ఒకదానినొకటి తటస్థపరచుకొనును.

పాచి పట్టిన సంచికి, తోమిన తరువాత, లీటరు నీటికి 1 టీచెంచా వాసన కలపని బ్లీచుద్రావణము పోసి, గొట్టములోనికి కూడ ఎక్కించి, కొద్ది నిమిషములుంచి, వాసన పోవువరకు మంచినీటితో కడుగవలెను. బ్లీచుతో వెనిగర్‌గాని, నిమ్మరసముగాని ఎన్నడును కలుపరాదు. విషవాయువైన క్లోరిన్ వెలువడును.

ఆరబెట్టుట

ఎంత కడిగినను కొన్ని సూక్ష్మజీవులు మిగులును. అవి పెరుగుటకు నీరు కావలెను. తడి లేనిచో కొన్ని చచ్చును, మిగిలినవి పెరుగక నిలిచిపోవును. కావున అసలు రక్షణ ఆరబెట్టుటలోనే యున్నది.

తడిసంచి గోడలు నీటి తలతన్యతవలన ఒకదానికొకటి అంటుకొనును. లోపల శుభ్రమైన తీగచట్రమునుగాని, మజ్జిగ కవ్వమునుగాని నిలిపి గోడలను ఎడముగా నుంచి, మూతి క్రిందికి వచ్చునట్లు నీడలో గాలికి వ్రేలాడదీయవలెను.

గొట్టము ఆరుట నిదానము. లోపలి గాలి త్వరలోనే నీటి ఆవిరితో నిండును. ఆవిరి పోవుటకు రెండు కొనలే దారులు. కొనలవద్ద తడి ఆరినకొలది, నడిమినుండి వచ్చు ఆవిరి పోవలసిన దూరము పెరుగును. కావున కదలని గాలిలో ఆరు కాలము పొడవు వర్గమునకు అనుపాతములో నుండును; పొడవు రెండింతలైన కాలము నాలుగింతలు. అందుచే గొట్టమును ఒక కొన పట్టుకొని గిరగిర త్రిప్పి నీరు విదిలించి, దారమునకు కట్టిన శుభ్రమైన గుడ్డపేలికను లోపలినుండి లాగవలెను. చిన్న గాలిపంపుతో గాలి ఊదిన మరియు మంచిది.

దాచుట

పూర్తిగా ఆరిన సంచిని మడవక, మూతి తెరచి, ధూళి పడకుండ పలుచని గుడ్డ కప్పి, ఎండ తగులని చోట నుంచవలెను. ఆరబెట్టుటకు వీలులేనిచో కడిగి, నీరు ఒంపి, ఫ్రిజ్‌లోని మంచు అరలో పెట్టుదురు. అచట పెరుగుదల ఆగును గాని జీవులన్నియు చావవు. తిరిగి వాడుటకు ముందు కడుగుట తప్పదు.

తరగతిలో ఒక ప్రయోగము

ఒకే రకపు ప్లాస్టిక్ గొట్టమునుండి 10, 20, 40 సెం.మీ. ముక్కలు కోసి, పొడిగా నున్నపుడు తూచుడు. లోపల తడిపి, సమానముగా విదిలించి, వెలుపలి తడి తుడిచి, గాలి వీచని గదిలో వ్రేలాడదీసి, ప్రతిదినము తూచుడు. మొదటి బరువునకు ఎవి ఎన్నాళ్లకు వచ్చునో పట్టిక వ్రాయుడు. 40 సెం.మీ. ముక్కకు, లెక్క ప్రకారము, 10 సెం.మీ. ముక్కకంటె 16 రెట్ల కాలము పట్టవలెను. గాలి కదలికలవలన తేడా రావచ్చును. గుడ్డపేలిక లాగిన మరియొక ముక్కతో పోల్చి చూడుడు.

కంటికి తెల్లగా కనబడుటయే శుభ్రత కాదు. నీటిసీసాకైనను, కుండకైనను, వీపుమీది సంచికైనను సూత్రమొక్కటే: తోముట, తొలుచుట, పూర్తిగా ఆరనిచ్చుట.