వంశవృక్షమూ పత్రాల సాక్ష్యమూ

చారిత్రక రచనకు పూనుకునేవారిలో చాలామంది వంశవృక్షాన్ని తిరుగులేని ఆధారంగా స్వీకరిస్తారు. రెండు పత్రాలు విభేదిస్తే ఒకటి నిజమనీ, మరొకటి అబద్ధమనీ తేల్చి ముందుకు సాగుతారు. ఈ పద్ధతి ఎంతవరకు సరైనదో, హైదరాబాదుతో ముడిపడిన ఒక కుటుంబం ఆధారంగా పరిశీలిద్దాం.

జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్ 1764లో మద్రాసులో పుట్టాడు. 1798 నుండి 1805 వరకు నిజాం దర్బారులో ఈస్టిండియా కంపెనీ రెసిడెంటు. దర్బారు ప్రముఖుల ఇంటి ఆడపడుచు ఖైరున్నీసాను ఇస్లాం పద్ధతిలో వివాహమాడాడు. వారికి ఒక కొడుకు, ఒక కూతురు. సాహెబ్ ఆలం, సాహెబ్ బేగం అని పిలుచుకునేవారు.

ఇక్కడినుండి పత్రాలు తలొక దారి పట్టాయి. ఆయన ఆమెను చెరిచాడన్న ఆరోపణ ఒకచోట ఉంటే, ఇరువురూ ఇష్టపడ్డారన్న మాట మరొకచోట ఉంది. 1801లో కంపెనీ దీనిపై మద్రాసులో విచారణ జరిపింది. 1805లో చిన్నరీ చిత్రించిన పటంలో ఆ పిల్లలు హైదరాబాదు ప్రభువుల దుస్తులలో కనిపిస్తారు. ఆ ఏడే వారిని ఇంగ్లండు ఓడ ఎక్కించారు. అక్టోబరులో తండ్రి కలకత్తాలో మరణించాడు. 1806 మార్చి 25న లండన్‌లోని సెయింట్ మేరీ చర్చిలో బాప్తిస్మంతో వారు విలియం జార్జి, కేథరిన్ అరోరా అయ్యారు. కిట్టీగా పేరుపడిన ఆ కేథరినే, 1833-34లో వెలువడిన కార్లైల్ 'సార్టర్ రిసార్టస్'లోని బ్లూమైన్ పాత్రకు మూలమని పలువురు భావించారు.

వీటిలో ఏది అబద్ధం? ఏదీ కాదు. నేనుండే కృష్ణానగర్‌లో వేషాలకోసం వచ్చిన కుర్రవాడికి రేషను కార్డులో ఒక పేరు, షూటింగు స్పాటులో మరొక పేరు. రెండూ బతుకు అవసరం పెట్టినవే. అయితే ఆ కుర్రవాడు తన పేరును తానే మార్చుకున్నాడు. నాలుగైదేళ్ళ ఆ పిల్లలకు పేర్లు మార్చింది మాత్రం పెద్దలూ, వారు అడుగుపెట్టిన సమాజమూ. కంపెనీ విచారణకు కావలసింది ఒక స్త్రీకి జరిగిన మేలో కీడో కాదు, తన ఉద్యోగి విధేయత. చర్చికి కావలసింది క్రైస్తవ నామం. నవలకు కావలసింది నాయిక. ప్రతి పత్రమూ ఒక ప్రయోజనం కోసం పుట్టింది; ఆ ప్రయోజనానికి అక్కరలేనిదాన్ని వదిలివేసింది.

వదిలివేయబడినది తల్లి. ఖైరున్నీసా తన పిల్లలను మళ్ళీ చూడకుండానే 1813లో కన్నుమూసింది. పటంలోగాని, బాప్తిస్మపు పేర్లలోగాని, కార్లైల్ గ్రంథంలోగాని ఆమె గొంతు వినిపించదు. 1840లలో ఆమె తల్లి షరఫున్నీసాకూ, ఇంగ్లండులోని కిట్టీకీ మధ్య ఉత్తరాలు నడిచాయి. అమ్మమ్మా మనుమరాలూ మళ్ళీ కలుసుకోలేదు. అధికార పత్రాలు తెంచివేసిన బంధుత్వాన్ని ఆ ఉత్తరాలే నిలబెట్టాయి.

కిర్క్‌పాట్రిక్ కట్టించిన కోఠీ రెసిడెన్సీ ఈనాడు మహిళా విశ్వవిద్యాలయ ప్రాంగణం. 2024లో దానికి చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. చరిత్ర రాయబోయే రచయిత పత్రం చేతికందగానే అడగవలసిన ప్రశ్న "ఇది నిజమా?" అన్నది ఒక్కటే కాదు. ఇది ఎవరి అవసరానికి పుట్టింది, ఎవరి మాటను విడిచిపెట్టింది అన్నది కూడా. ఆ విడిచిపెట్టినచోటే సాహిత్యానికి పని ఉంది.