పెద్ద టైర్లు, చిన్న లెక్క

కొత్తగా కారు కొన్న కుర్రవాళ్లకు ఈ మధ్య ఒక కోరిక పుడుతున్నది. కంపెనీ వేసి యిచ్చిన టైర్లు తీసేసి, వాటికన్న పెద్దవి తొడిగించాలని. మా మేనల్లుడూ ఆ కోవలోని వాడే. "బండి ఠీవిగా వుంటుంది మామయ్యా! గతుకుల్లో అడుగు తగలదు" అంటాడు.

ఠీవి సంగతి అలా వుంచండి. గతుకుల మాట మాత్రం నిజమే. మన ఎడ్లబండికి అంతంత చక్రాలు ఎందుకు పెట్టారు? చిన్న చక్రం దిగబడిపోయే గోతిని పెద్ద చక్రం దాటిపోతుంది గనుక. అయితే ఎడ్లబండికి మీటరు లేదు, గేర్లు లేవు.

టైరు పక్కన 185/65 ఆర్ 15 అని వుంటుంది, చూశారా? వెడల్పు 185 మిల్లీమీటర్లు. రబ్బరు గోడ ఎత్తు అందులో నూటికి 65 వంతులు. రిమ్ము 15 అంగుళాలు. లెక్క కడితే టైరు మొత్తం ఎత్తు 621 మిల్లీమీటర్ల పైచిలుకు. దాని బదులు 205/65 ఆర్ 15 వేస్తే 647 దాటుతుంది. తేడా 26. అందులో సగమే, అంటే 13 మిల్లీమీటర్లే, కారు పైకి లేస్తుంది. బొటనవేలి మందమైనా లేదు!

చక్రం తిరిగిన చుట్లను బట్టి గదా మీటరు వేగం చెప్పేది. కిలోమీటరుకు సుమారు 512 చుట్లు తిరగవలసినది ఇప్పుడు 492తో సరిపెడుతుంది. ముల్లు 80 మీద వుంటే లెక్కప్రకారం బండి 83 పైన పోతుంటుంది. అసలు వేగం కన్న తక్కువ చూపరాదని కంపెనీలు మీటరును కాస్త ఎక్కువ చూపేటట్టే అమరుస్తాయి. ఆ జాగ్రత్తను ఈ మార్పు మింగేస్తుంది. మైలేజీ పడిపోయిందని గోల పెట్టేవారు కూడా ఇది గమనించరు. మీటరు 100 కిలోమీటర్లన్నప్పుడు బండి 104 నడిచి వుంటుంది. ఆ నష్టంలో కొంత లెక్కలోని మాయ. కొంత బరువైన టైరును తిప్పడానికి నిజంగా ఖర్చయిన పెట్రోలు.

నన్ను భయపెట్టేది ఇదేదీ కాదు, బ్రేకు. పిల్లల్ని కూర్చోబెట్టుకుని శ్రీశైలం ఘాటు రోడ్డు దిగుతున్నామనుకోండి. బ్రేకు పాతదే, చక్రం మాత్రం పెద్దదయింది, బరువెక్కింది. కాలు అంతే నొక్కితే ఇదివరకటంత పట్టు రాదు. ఎక్కేటప్పుడు బండి అంతగా లాగదు, గేరు ముందే తగ్గించుకోవాలి. మలుపులో స్టీరింగు పూర్తిగా తిప్పితే టైరు మడ్గార్డు లోపలి వైపు రాసుకోవచ్చు. తెలుగు పాఠం చెప్పుకొనేవాణ్ణి గనుక నాకు ఛందస్సే గుర్తొస్తుంది: లఘువు వుండవలసిన చోట గురువు పడితే పాదమంతా కుంటుతుంది.

ఠీవే కావాలంటే వేరే దారి వున్నది. 195/55 ఆర్ 16 టైరు మొత్తం ఎత్తు కూడా దాదాపు 621 మిల్లీమీటర్లే. రిమ్ము పెద్దది, రబ్బరు గోడ పొట్టిది. మీటరు తప్పు చెప్పదు. కాని గోతిలో పడితే ఆ దెబ్బ రిమ్ముకూ, మన నడుముకూ తగులుతుంది.

బండి మార్పులకు 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను హద్దులు పెట్టింది. ఏది వేయదలచినా ముందు కారుతో వచ్చిన పుస్తకం తిరగేయండి. మీ మోడలుకు తయారీదారు ఒప్పుకున్న కొలతలు అందులో వుంటాయి. పుస్తకం కనబడకపోతే డ్రైవరు వైపు తలుపు తీసి చూడండి. అక్కడ అంటించిన చీటీ మీద టైరు కొలత, పట్టించవలసిన గాలి రెండూ వేసి వుంటాయి.