పొగ ఎంత వెలుగును మింగుతోంది? విమానం చెప్పేది, చెప్పనిది

గాలిలో తేలే మసి, దుమ్ము, ఉప్పు కణాలను ఏరోసాల్స్ అంటారు. ఇవి సూర్యకాంతిని కొంత చెదరగొడతాయి, కొంత మింగుతాయి. చెదిరిన వెలుగులో కొంత అంతరిక్షంలోకి తిరిగిపోతుంది కాబట్టి భూమి చల్లబడుతుంది. మింగిన వెలుగు మాత్రం అక్కడి గాలిని వేడెక్కిస్తుంది. కాబట్టి పొగ వేడిని పెంచుతుందా, తగ్గిస్తుందా అన్నది ఈ రెండింటి పాళ్లను బట్టి ఉంటుంది.

ఉపగ్రహం పైనుంచి చూస్తుంది, నేలమీది పరికరం కిందినుంచి చూస్తుంది. పొగ పొర లోపల ఏం జరుగుతోందో నేరుగా తెలియాలంటే అందులోకి వెళ్లాలి. అందుకే విమానం. అది బయటి గాలిని లోపలికి పీల్చుకుంటుంది. నెఫెలోమీటర్ చెదిరిన కాంతిని కొలుస్తుంది. మరో పరికరం గాలిని వడపోత కాగితం గుండా పంపి, దానిమీద మసి పేరుకునే కొద్దీ కాంతి ఎంత తగ్గుతోందో చూస్తుంది.

1999లో ‘ఇండోఎక్స్’ ప్రయోగంలో విమానాలు, ఓడలతో హిందూ మహాసముద్రం మీది పొగను ఇలాగే పరిశీలించారు. దక్షిణాసియా నుంచి వచ్చే పొగ సముద్రం మీద సుమారు 3 కిలోమీటర్ల ఎత్తు దాకా పరుచుకుని ఉందని తేలింది. 2006 మార్చిలో వి. రామనాథన్ బృందం మాల్దీవుల్లో మానవరహిత విమానాలను ఒకదానిపై ఒకటిగా ఎగరేసింది: ఒకటి పొర కింద, ఒకటి లోపల, ఒకటి పైన. పైన, కింద కొలిచిన కాంతి తేడాను బట్టి పొర ఎంత మింగిందో లెక్కగట్టారు. సూర్యకాంతి వల్ల కింది వాతావరణం వేడెక్కడం ఈ పొగతో సుమారు 50 శాతం పెరిగిందని 2007లో ప్రకటించారు.

అయితే ఆ పొగ ఎవరిది? కాంతి కొలతలు ఆ మాట చెప్పవు. దానికి కార్బన్-14 పరీక్ష కావాలి. బొగ్గు, డీజిల్ మసిలో అది ఉండదు, కట్టెలు, పిడకల మసిలో ఉంటుంది. మాల్దీవుల్లోనూ, పశ్చిమ భారతంలోనూ సేకరించిన మసిపై 2009లో వచ్చిన అధ్యయనం, విధానాన్ని బట్టి దాదాపు సగం నుంచి మూడింట రెండు వంతుల దాకా కట్టెలు, పంట వ్యర్థాల వంటివి కాల్చడం వల్లే వస్తోందని చెప్పింది.

ఈ అంకె చూపి ‘తప్పు పేదల పొయ్యిదే’ అనేవారుంటారు. అంకె చెప్పేది ఏది కాలిందో మాత్రమే. గ్యాస్ బండ కొనలేక కట్టెలే దిక్కైన పరిస్థితి ఎందుకు వచ్చిందో చెప్పదు. పైగా, ఆకాశంలో ఎగిరే విమానం వాడల్లో పొయ్యి ముందు కూర్చున్న తల్లి పీల్చే పొగను కొలవదు. దాన్ని ఆ ఇంట్లోనే కొలవాలి. వాతావరణ విధానం గురించి మాట్లాడేటప్పుడు ఆ రెండో కొలతను కూడా అడగడం మన పని.