మహార్ పటాలంలో తెలుగు జనరల్

1942 ఆగస్టులో దేశమంతా క్విట్ ఇండియా అని హోరెత్తుతుంటే, విజయనగరం వైపు నుంచి వచ్చిన పంతొమ్మిదేళ్ళ కుర్రవాడు సైన్యంలో అధికారిగా చేరాడు. పేరు కోటికలపూడి వెంకట కృష్ణారావు. ఆయనకు దక్కింది మహార్ రెజిమెంట్, రెండో పటాలం. జవాన్లంతా మహారాష్ట్ర పల్లెలవాళ్ళు. వాళ్ళ మాట, పాట, తిండి అన్నీ మరాఠీవే. ఆ తర్వాత ముప్పై తొమ్మిదేళ్ళకు ఆ కుర్రవాడే భారత సైన్యాధిపతి అయ్యారు. ఆ కుర్చీ ఎక్కిన తెలుగువాడు ఆయన.

సోలాపూర్ జోడ్‌భావి పేట్‌లో ఉండేవాళ్ళకు ఈ కథ తేలిగ్గా అర్థమవుతుంది. ఇక్కడ ఇంట్లో తెలుగు, గడప దాటితే మరాఠీ. కరీంనగర్, వరంగల్, నల్లగొండ, పాలమూరు పల్లెల్లో మగ్గం కూడు పెట్టక సోలాపూర్ చేరిన పద్మశాలీల మనవలు, మునిమనవలు మనం. చద్దర్లు, టవళ్ళు నేసి, బీడీలు చుట్టి, పరాయి ఊరిని సొంత ఊరు చేసుకున్నవాళ్ళం. కృష్ణారావు అదే పనిని తుపాకుల మధ్య చేశారు. పేటలో భర్తీ కోసం తెల్లవారుజామున పరుగు తీసే పిల్లలకు ఆయన సంగతి చెప్పాలని చాలా కాలంగా నా కోరిక.

సోలాపూర్‌కు సైన్యంతో ఉన్న పాత పరిచయం మంచిది కాదు. 1930 మే నెలలో గాంధీగారి అరెస్టు మీద ఊరు తిరగబడితే తెల్లదొరలు మార్షల్ లా పెట్టారు. మల్లప్ప ధన్‌శెట్టి, కుర్బాన్ హుసేన్, శ్రీకృష్ణ సారడా, జగన్నాథ్ శిందేలను 1931 జనవరి 12న ఎరవాడలో ఉరి తీశారు. ఆ నలుగురి బొమ్మల ముందు పెరిగిన మనకు, పదకొండేళ్ళ తర్వాత అదే ప్రభుత్వపు సైన్యంలో చేరిన తెలుగు యువకుణ్ణి మెచ్చుకోవడం సులువేమీ కాదు. అయితే ఆయన చేరిన పటాలం వెనక వేరే పోరాటం ఉంది, అది కూడా మహారాష్ట్ర గడ్డమీదిదే.

ఈస్టిండియా కంపెనీ కాలంలో మహార్ కులంవాళ్ళు సైన్యంలో నిండుగా ఉండేవారు. పందొమ్మిదో శతాబ్దం చివర, ఫలానా కులాలే యుద్ధానికి పుట్టినవన్న సిద్ధాంతం తలకెక్కి, ఇంగ్లిష్ వాళ్ళు మహార్ల భర్తీని ఆపేశారు. మొదటి ప్రపంచ యుద్ధంలో అవసరం కొద్దీ 111వ మహార్ దళాన్ని నిలబెట్టి, యుద్ధం ముగిశాక రద్దు చేశారు. సుబేదార్ రామ్‌జీ కొడుకు అంబేద్కర్ ఈ అన్యాయం మీద పట్టు విడవలేదు. 1941లో వైస్రాయ్ రక్షణ సలహా సంఘంలో ఆయనకు చోటు దొరికింది. ఆ ఏడాదే అక్టోబర్‌లో బెల్గాంలో మహార్ రెజిమెంట్ పుట్టింది. అంటే కృష్ణారావు చేరేనాటికి దాని వయసు ఏడాది కూడా లేదు. తుపాకీ పట్టే అర్హత లేదని తిప్పి పంపిన ఇళ్ళ నుంచి వచ్చిన జవాన్లు, వాళ్ళ భాష ఎరగని తెలుగు అధికారి! బర్మా యుద్ధానికీ, వాయవ్య సరిహద్దుకూ, బలూచిస్తాన్‌కూ ఆ సావాసంతోనే వెళ్ళారు. ఇదే రెజిమెంట్ తర్వాత జనరల్ సుందర్జీ రూపంలో దేశానికి ఇంకో సైన్యాధిపతిని ఇచ్చింది.

విభజన నాటి మంటలు, 1947–48 కశ్మీర్ యుద్ధం, జాతీయ రక్షణ అకాడమీలో పాఠాలు, లద్దాఖ్‌లో బ్రిగేడ్ నాయకత్వం. ఇవన్నీ దాటి 1971కి వద్దాం.

ఆ ఏడు ఆయన 8వ మౌంటెన్ డివిజన్ నాయకుడు. నాగాలాండ్, మణిపూర్ కొండల్లో తిరుగుబాట్లను అదుపు చేస్తున్న ఆ డివిజన్ని తూర్పు పాకిస్తాన్ వైపు తిప్పారు. లక్ష్యం సిల్హెట్. డిసెంబర్ 7న గూర్ఖా రైఫిల్స్‌కు చెందిన ఒక పటాలాన్ని ఎంఐ–4 హెలికాప్టర్లలో శత్రువు గుండెల మీదే దించారు. మన సైన్యం హెలికాప్టర్లతో చేసిన మొదటి దాడి అది. అప్పటికే రెండు పోరాటాల్లో దెబ్బలు తిని ఉన్న పటాలం. నలభై ఎనిమిది గంటల్లో మిగతా సేన వచ్చి కలుస్తుందని మాట. కలవడానికి వారం పైనే పట్టింది. తిండి అరకొర, గుళ్ళు లెక్కపెట్టుకుని కాల్చాల్సిన స్థితి. దిగింది బ్రిగేడ్ అని బీబీసీ పొరపాటుగా చెప్పడంతో మనవాళ్ళు దాన్నే వాడుకున్నారు. పలచగా పరుచుకుని పెద్ద సేనలా కనిపించారు. మౌల్వీబజార్ నుంచి వెనక్కి వచ్చిన బ్రిగేడ్‌తో కలిపి సిల్హెట్‌లో రెండు పాకిస్తానీ బ్రిగేడ్లు కూడాయి. మేఘన నది దగ్గర ఢాకాను కాపాడాల్సిన బలం ఇక్కడే ఇరుక్కుని చివరికి లొంగిపోయింది. ఆ యుద్ధంలో చూపిన నాయకత్వానికే కృష్ణారావుకు పరమ విశిష్ట సేవా పతకం వచ్చింది. పేరు మొత్తం ఆయనకు కట్టబెట్టడం న్యాయం కాదు. హెలికాప్టర్ల ఆలోచన కోర్ కమాండర్ సగత్ సింగ్‌ది, నేలమీద ఆకలిని ఓర్చినవాళ్ళు గూర్ఖాలు.

నన్ను అడిగితే, ఆయన అసలు గొప్ప పని యుద్ధభూమిలో జరగలేదు. 1975లో రాబోయే పాతికేళ్ళకు సైన్యం ఎలా ఉండాలో చెప్పమని ఒక నిపుణుల సంఘం వేసి ఆయన్ని అధ్యక్షుణ్ణి చేశారు. సుందర్జీ, ఛిబ్బర్ అనే మరో సైనికాధికారి సభ్యులు. నడుస్తున్న సాంచ ఆపకుండానే బట్ట నమూనా మార్చాల్సిన పని అది. పోరాడే చేయి బలపడాలి, వెనక మోసే బరువు తగ్గాలి, కాలినడక సేన కవచ వాహనాలెక్కాలి అన్నది సారాంశం. 1979లో మెకనైజ్డ్ ఇన్‌ఫాంట్రీ రెజిమెంట్ ఏర్పడింది ఈ దారిలోనే. 1981 జూన్ 1 నుంచి 1983 జూలై 31 దాకా సైన్యాధిపతిగా ఆ మార్పునే ముందుకు నడిపారు.

పదవీ విరమణతో విశ్రాంతి దొరకలేదు. 1984 నుంచి నాగాలాండ్, మణిపూర్, త్రిపురలకు గవర్నరు. 1989 జూలైలో జమ్మూకశ్మీర్. ఆ డిసెంబర్‌లో కేంద్ర హోంమంత్రి కూతురి అపహరణతో లోయ చేయిదాటింది. 1990 జనవరిలో ఆయన స్థానంలో జగ్‌మోహన్ వచ్చారు. 1993 మార్చిలో మళ్ళీ కృష్ణారావునే పిలిచారు. డెబ్భైకి దగ్గరపడిన వయసు.

ఆ అయిదేళ్ళలో గర్వపడేవీ ఉన్నాయి, గుండె బరువెక్కేవీ ఉన్నాయి. 1993 అక్టోబర్‌లో మిలిటెంట్లు హజ్రత్‌బల్ దర్గాలో తిష్ఠ వేస్తే, దాడి చేయకుండా నెల రోజులు ఓపిక పట్టి బయటికి రప్పించారు. ఆ ముట్టడి మీద నిరసనకు దిగిన జనంపై బిజ్‌బెహరాలో సరిహద్దు భద్రతా దళం కాల్పులు జరిపి పదుల మందిని బలిగొంది. 1995 మే నెలలో చరార్–ఎ–షరీఫ్ కాలిపోయింది. పాలన ఆయన చేతిలో ఉన్నప్పుడు జరిగినవే ఇవి, జీవిత చరిత్రలోంచి తీసేయలేం. 1995 జనవరి 26న జమ్మూ స్టేడియంలో గణతంత్ర ప్రసంగం చేస్తుండగా బాంబులు పేలాయి. చుట్టూ మనుషులు చనిపోయారు, ఆయన బతికారు. మరుసటి ఏడాది సెప్టెంబర్‌లో శాసనసభ ఎన్నికలు జరిగాయి. ఆరేళ్ళకు పైగా రాష్ట్రపతి పాలనలో ఉన్న రాష్ట్రానికి ఓటేసి గెలిపించుకున్న ప్రభుత్వం వచ్చింది. జీవితమంతా యూనిఫాంలో గడిపిన మనిషి అధికారాన్ని పౌరుల చేతికి తిరిగి అప్పగించి, 1998 మేలో సెలవు తీసుకున్నారు. నాకు ఆయన మీద గౌరవం ఎక్కువగా కలిగేది ఇక్కడే.

2016 జనవరి 30న, 92 ఏళ్ళ వయసులో ఢిల్లీలో కన్నుమూశారు. తన అనుభవాలను 'ఇన్ ద సర్వీస్ ఆఫ్ ద నేషన్' పేరుతో ఇంగ్లిష్‌లో రాసి పెట్టారు. దాన్ని తెలుగు, మరాఠీ రెండిట్లోనూ చదువుకోవాలని ఉంది నాకు. ఆ పనికి సోలాపూర్ పూనుకుంటే బాగుంటుంది. ఈ రెండు భాషలనూ ఒకే ఇంట్లో మాట్లాడుకునే పిల్లలు పేటలో కావలసినంత మంది ఉన్నారు.