సాషికో కుట్టు

జపాను దేశమున హోన్షూ ద్వీపపు ఉత్తరభాగమునకు తోహోకు అని పేరు. అచట శీతకాలమున మంచు దట్టముగా కురియును. ఆ చలికి ప్రత్తి పండదు. 1603 మొదలు 1868 వరకు సాగిన ఎడో యుగమున అచటి రైతులు 'అసా' అను మొక్కనారతో నేసిన ముతకబట్టలు ధరించెడివారు. వాని సందులనుండి చలిగాలి దూరెడిది. పట్టు కట్టుటకు ప్రభువుల అనుమతి లేదు. ప్రత్తిబట్టకు ధనము చాలదు. కావున వారు చిన్న గుడ్డపీలికను గూడ పారవేయక, పొరలుగా పేర్చి, దగ్గర దగ్గరగా కుట్టుకొనిరి. పొరల నడుమ నిలిచిన గాలి ఒంటివేడిని బయటికి పోనీయదు. ఈ కుట్టునకే 'సాషికో' అని పేరు. చిన్న పోటు అని దాని యర్థము. తెలుగువారి యిండ్లలో పాతచీరలతో కుట్టు బొంతకును దీనికిని సూత్ర మొక్కటే.

నీలిమందు అద్దిన బట్టపై తెల్లని నూలుదారముతో కుట్టుట వాడుక. సూది పైకి వచ్చును, క్రిందికి పోవును, పని అంతియే. అయినను దానికి నియమములు కలవు. ముందుగా బట్టపై గీతలు గీయవలెను. పొడవైన సూదిని నిలిపి పట్టి, బట్టనే మడతలుగా దానిపై కెక్కించి, పెక్కు కుట్లు చేరిన పిమ్మట దారమును లాగవలెను. వెంటనే బట్టను వ్రేళ్లతో సాపుచేయవలెను. పైకుట్టు 3 పాళ్లయినచో అడుగుకుట్టు 2 పాళ్లుండవలెను. మూలకు వచ్చినపుడు కుట్టు సరిగా మూలయందే ముగియవలెను. మలుపుకడ వెనుకవైపున దారము కొంచెము వదులుగా నుండవలెను. బిగించినచో బట్ట ముడుచుకొనును. గీతలు కలియు నడిమిచోట కుట్లు ఒకదానిపై నొకటి పడక, చిన్న ఖాళీ మిగులవలెను.

ఇట్లు కుట్టు రూపములలో 'అసానొహా' ప్రసిద్ధము. అనగా అసా ఆకు. ఆ మొక్క త్వరగా, నిటారుగా ఎదుగును. బిడ్డలును అట్లే ఎదుగవలెనని పసివారి దుస్తులపై ఆ రూపమును కుట్టెడివారు. 'సెయిగైహా' సముద్రపు అలలను చూపును. 'షిప్పో' యందు వలయములు ఒకదానితో నొకటి పెనవైచుకొనును.

నేడు టోక్యో అనబడు ఎడో నగరమున, మంటల నార్పువారు పలు పొరల సాషికో అంగీలు తొడిగి, వానిని నీటితో తడిపికొని అగ్నిలో ప్రవేశించెడివారు. తడిసిన ఆ పొరలే వారి ప్రాణములకు రక్ష.

నేడు పెక్కు దేశములవారు ఈ కుట్టును వేడుకగా నేర్చుకొనుచున్నారు. పొరలను కలుపుటకు కుట్లు ఎటులైనను వేయవలసినదే. వానిని కొలతతో, వరుసతో వేసిన ఆ పేదల శ్రద్ధవలన, చలిని కాచిన బొంతయే కన్నులపండువైనది.